నవ్వగానే అయిపోయే బొమ్మలు

ఏప్రిల్ మొదట్లో, మేడమెట్ల కింద ఏడాదంతా దుమ్ముపట్టి పడి ఉన్న కూలర్ని బయటికి లాగి, కిటికీకి ఆనించి, పాత గడ్డి పీకేసి కొత్త వట్టివేళ్లు కూర్చి, బకెట్లతో నీళ్లు పోసి స్విచ్చి వేయగానే మొదటిగా ఒక వాసన వస్తుంది. తడిసిన వట్టివేరు, వేడెక్కిన రేకు, కిందటేటి దుమ్ము, మూడూ కలిసిన వాసన. అది ముక్కుకి తగిలిందంటే చాలు, నాకు తెలియకుండానే నా గొంతు తగ్గిపోతుంది. భిలాయి స్మృతి నగర్‌లోని మా ఇంట్లో పగలు నిద్రపోయేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అయినా మొన్న కూలర్ వేసిన రోజున, హాల్లో కార్టూన్ చూస్తున్న నా కూతురు పింకీని అన్నానికి గుసగుసగా పిలిచాను. దానికి ఎనిమిదేళ్లు, తెలుగుకన్నా హిందీయే బాగా వచ్చు. "మమ్మీ, ఇత్నా ధీరే క్యోఁ?" అంది, ఇంత మెల్లిగా ఎందుకని. పక్కన కూర్చున్న మా అన్నయ్య చందు మాత్రం నా వైపు చూసి తల దించుకున్నాడు. ఎందుకు గుసగుసలాడానో ఆ ఇంట్లో వాడికొక్కడికే తెలుసు.

మేం పుట్టి పెరిగింది సెక్టర్ 2లో, స్టీలు ప్లాంటు వాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టర్లో. నాన్నది విజయనగరం దగ్గర పల్లెటూరు. పెళ్లికి ముందే భిలాయి వచ్చి బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనికి కుదిరాడు. వారానికొక షిఫ్టు చొప్పున ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు, మళ్లీ ఫస్టు. మా ఇంట్లో కేలండరు వేలాడేది గానీ, మేం రోజులు లెక్కపెట్టుకున్నది మాత్రం నాన్న షిఫ్టులతోనే. నైటు షిఫ్టు వారం వచ్చిందంటే ఇల్లంతా మారిపోయేది. పొద్దున్న ఆరున్నరకి నాన్న చొక్కాకి మసివాసనతో వచ్చి, చల్దన్నం తిని, లోపలి గదిలో కిటికీలకి నల్లదుప్పటి కట్టుకుని, ఎండాకాలమైతే వట్టివేళ్ల కూలర్ వేసుకుని పడుకుంటే మళ్లీ మధ్యాహ్నం మూడింటికి లేచేవాడు. అంతవరకూ అమ్మ గిన్నెలు కూడా కింద గుడ్డ పరిచి తోమేది. మేం బడినుంచి ఒంటిగంటన్నరకి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విప్పి, పిల్లి అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్లి, కంచాలు చప్పుడవకుండా ఒళ్లో పెట్టుకుని తినేవాళ్లం. కొలిమి ముందర నిలబడే మనిషికి నిద్ర చాలకపోతే ఏమవుతుందో అమ్మ మాకు చాలా చిన్నప్పుడే చెప్పేసింది. అందుకని మా ఇంట్లో చప్పుడు చేయడం అల్లరి కాదు, పాపం.

మా క్వార్టర్ల వరసలో ఇంకో అలవాటు ఉండేది. ఎవరి ఇంట్లో నైటు డ్యూటీ మనిషి పడుకున్నాడో ఆ ఇంటి గేటు గడియకి ఒక తువ్వాలు కట్టేవారు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. తువ్వాలు కనిపిస్తే కూరగాయల బండివాడు ఆ గేటు దాటేదాకా కేక వేసేవాడు కాదు, పోస్టుమాన్ బెల్లు కొట్టకుండా ఉత్తరం గోడమీంచి జారవిడిచేవాడు, ఏడుపెంకుల పిట్టూ ఆడే పిల్లలం రాళ్లూ బంతీ ఎత్తుకుని వరస చివరికి పోయేవాళ్లం. ఒరియావాళ్లయినా, బెంగాలీలైనా, ఛత్తీస్‌గఢీ వాళ్లయినా, మన వాళ్లయినా సరే, తువ్వాలు మాట ఎవరూ కాదనేవారు కాదు.

నైటు షిఫ్టు లేని వారాల్లో మాత్రం మాది మామూలు ఇల్లే. వానలు మొదలై హరేలీ పండగ వస్తే పక్క బస్తీ పిల్లలు వెదురు గేడీలెక్కి కర్రకాళ్లతో టకటకమంటూ వచ్చేవారు. చందు వాళ్ల దగ్గర అడిగి ఎక్కి, రెండడుగులు వేసి బురదలో పడి, మళ్లీ ఎక్కేవాడు. తీజ్‌కి వెనక క్వార్టరు దీదీ శనగపిండితో చేసిన ఠేఠరీలు గిన్నెనిండా పంపేది. ఆ గిన్నె ఉత్తది పంపకూడదని అమ్మ ఆవపెట్టిన పనసపొట్టు కూర వేసి తిరిగి పంపితే, దీదీ ముక్కుపుటాలు ఎగరేస్తూ, కళ్లనీళ్లు కారుస్తూ, అయినా తినేది. చలికాలం సాయంత్రాలు సిగ్రీ కుంపట్ల పొగ వరసంతా నేలబారున పరుచుకునేది. రేగుపళ్లు, ఉప్పూకారం చల్లిన జామకాయలు, వేయించిన శనగలు, స్వెట్టరు జేబుల్లో ఏదో ఒకటి ఉండాల్సిందే. ఆ రోజుల్లో మా అన్నయ్య నోరు మూతపడేది కాదు. నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నడుస్తూ మాట్లాడేవాడు, తింటూ మాట్లాడేవాడు, నిద్రలో కూడా ఎవరితోనో తగువులాడేవాడు.

మా వీధికి కేబుల్ వచ్చాక నైటు షిఫ్టు వారాలకి ఒక కొత్త చిక్కొచ్చింది. మేం బడినుంచి వచ్చే వేళకే కార్టూన్లు వచ్చేవి, నాన్న నిద్రా అప్పుడే. దాంతో అమ్మ ఒక ఒప్పందానికొచ్చింది. టీవీ చూడొచ్చు, సౌండు పూర్తిగా తీసేసి. మూగ కార్టూన్ ఎంతసేపని చూస్తాం? అందుకని చందు వాటికి గొంతులు పెట్టేవాడు, నా చెవిలో, గాలి కన్నా సన్నగా. టీవీలో అవి హిందీలో మాట్లాడేవి. వీడి నోట్లో మాత్రం అన్నీ మా నాయనమ్మ భాషే మాట్లాడేవి. ఉడత "ఓలమ్మో, నా గింజలు ఎవులట్టుకెల్లిపోనారో" అని ఏడ్చేది. అడవిపంది "నానేటి సేసినాను" అనేది. నవ్వాపుకోలేక నేను దిండు కొరుక్కునేదాన్ని. ఇప్పటికీ నా మట్టుకు కార్టూన్ అంటే అదే.

వాటిలో ఒక తాబేలు పిల్ల ఉండేది. మేం దాన్ని డిప్పగాడు అనేవాళ్లం. డిప్పగాడికి దిగులు పుడితే పచ్చటి డిప్ప బూడిదరంగులోకి తిరిగిపోయేది. తలా కాళ్లూ లోపలికి లాక్కుని కదలకుండా ఉండిపోయేవాడు. దిగులుకి ఎప్పుడూ ఒక కారణం ఉండేది. బంతి పోవడమో, చిలక దోస్తీ కటీఫ్ అనడమో. రంగు మారిన మరుక్షణం అడవి అడవంతా పరుగున వచ్చేది. డిప్పమీద టకటకా కొట్టేవారు, మామిడిపళ్లు తెచ్చేవారు, ఎగిరేవారు, ఈకతో చక్కిలిగిలి పెట్టేవారు. డిప్పగాడు ముక్కు బయటపెట్టి ఫక్కున నవ్వేవాడు. నవ్వగానే డిప్ప పచ్చబడేది, బొమ్మ అయిపోయేది. మర్నాడు వాడికి నిన్నటి సంగతేదీ గుర్తుండేది కాదు. దిగులంటే అలా ఉంటుందని నేను నేర్చుకున్నాను. పైకి కనబడుతుంది, కారణం ఉంటుంది, అందరూ చూస్తారు, నవ్విస్తే పోతుంది. తొమ్మిదేళ్ల పిల్లకి ఇంకెవరు చెప్పారు గనక. మా ఇంట్లో ఆ విషయానికి ఒక మాటే లేదు.

చందు తొమ్మిదో తరగతిలోకి వచ్చిన ఏడాది, వానాకాలం అయ్యాక ఎప్పుడో, గొంతులు పెట్టడం మానేశాడు. ఫలానా రోజున అని చెప్పలేను. ఒకరోజు నేను "డిప్పగాడేమంటున్నాడు?" అనడిగితే "ఏటీ అనట్లేదు" అన్నాడు. తరవాత అడగడం నేనే మానేశాను. పిట్టూకి రావడం మానేశాడు. అన్నం పెట్టిందాన్నే కలిపి, కలిపినదాన్నే కలుపుతూ కూర్చునేవాడు. గుండ్రంగా ఉండే దస్తూరీ రానురాను చిన్నదై, చివరికి చీమలబారులా అయింది. బడినుంచి వచ్చి యూనిఫాంతోనే పడుకునేవాడు. ఏడవలేదు. ఎవరినీ ఒక్క మాట అనలేదు. కారణం కూడా లేదు. ఇన్నేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు.

వేరే ఇంట్లో అయితే ఎవరైనా అడిగి ఉండేవారేమో. మా ఇంట్లో, మా వరసలో, చప్పుడు చేయని పిల్లాడు బుద్ధిమంతుడు. పక్క క్వార్టరు నూకరత్నం అత్త గోడమీంచి అమ్మతో అనేది, "మీ సందుగాడు బంగారంలాటి గుంటడమ్మా. ఇంట్లో ఉన్నాడో నేడో కూడా తెలీదు." అమ్మ మురిసిపోయి, దిష్టి తగులుతుందని ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోసేది. నాన్న అయితే డ్యూటీలో స్నేహితులతో, తన నిద్ర కోసం కొడుకు మాటే మానేశాడని చెప్పుకునేవాడట. రంగు మారని డిప్ప కింద ఏముందో మాలో ఒక్కరం కూడా చూడలేదు.

ఆ చలికాలంలో పిన్ని పురుడని అమ్మ విజయనగరం వెళ్లింది. నాన్నది ఫస్టు షిఫ్టు వారం, తెల్లారకుండానే వెళ్లి రెండున్నరకి వస్తాడు. వంట ముందురోజు సాయంత్రమే చేసి పెట్టేవాడు. ఆ వారంలో నాలుగో రోజున బడిలో నాకు జ్వరం వస్తే పదకొండింటికే రిక్షాలో ఇంటికి పంపేశారు. గేటు దగ్గరికి వచ్చేసరికి గడియకి తువ్వాలు కట్టి ఉంది. నాన్న డ్యూటీ మారిందేమో అనుకున్నాను. చెప్పులు బయట విప్పి, తలుపు మెల్లిగా తోసి, మునివేళ్లమీద లోపలికి వెళ్లాను. లోపలి గదిలో నాన్న లేడు. హాల్లో టీవీ మూగగా ఆడుతోంది. దాని ముందు చందు కూర్చున్నాడు, యూనిఫాంలో, ఒళ్లో ముట్టుకోని కంచంతో. సైకిలు ఇంట్లో గోడకి ఆనించి ఉంది.

వాడు ఉలిక్కిపడలేదు. "నాన్నకి చెప్పకే బుల్లీ" అన్నాడు. ఆ వారమంతా అంతేనట. నన్ను రిక్షా ఎక్కించి, రెండు వీధులు తిరిగి వచ్చి, తువ్వాలు కట్టుకుని లోపల కూర్చునేవాడు. నేను వచ్చే వేళకి విప్పేసేవాడు. నాలుగు రోజులు వరసలో వాళ్లందరూ ఆ గేటు ముందు గొంతు తగ్గించి నడిచారు. నూకరత్నం అత్త మజ్జిగ ఇద్దామని వచ్చి, తువ్వాలు చూసి వెనక్కి వెళ్లిపోయిందట. ఎవరి నిద్ర చెడకూడదని కనిపెట్టిన అలవాటు అది. దాన్ని గేటుకి కట్టుకుంటే ఈ ఊళ్లో ఎవరూ లోపలికి రారని మా అన్నయ్యకి తెలుసు. నాకూ ఒంట్లో బాలేదు కదా, వాడి భుజానికి ఆనుకుని ఆ మూగబొమ్మలే చూస్తూ పడుకున్నాను. నాన్నకి చెప్పలేదు. మాట నిలబెట్టుకున్నానని గర్వపడ్డాను కూడా.

చెప్పకపోతే పోనీ, బాగుచేద్దామని బయల్దేరాను. బాగుచేయడం నాకు టీవీ నేర్పింది. ఆ ఆదివారం నాన్న బజారుకి వెళ్లిన సమయంలో వరసలో పిల్లల్ని అయిదుగురిని పోగుచేశాను. మామిడిపళ్ల కాలం కాదు గనక జామకాయలు కొన్నాం. ఒకడు తోక కట్టుకుని ఉడత అయ్యాడు, ఒకమ్మాయి ఆకుపచ్చ ఓణీ కప్పుకుని చిలక అయింది. ఈక దొరక్క చీపురుపుల్ల తెచ్చుకున్నాం. చందు పడుకున్న గది తలుపుమీద అందరం టకటకా కొట్టి, "బాహర్ ఆఓ, బాహర్ ఆఓ" అని బయటికి పిలుస్తూ ఎగిరాం. చాలాసేపటికి తలుపు తీశాడు. చీపురుపుల్లతో మెడమీదా చంకల్లోనూ చక్కిలిగిలి పెట్టాం. చేతులు కిందికి వేలాడేసి అలాగే నిలబడ్డాడు. ఆరుగురం తలలెత్తి వాడి మొహంలోకి చూస్తూ నిలబడ్డాం. అప్పుడు నవ్వాడు. నోరంతా తెరిచి, అచ్చం డిప్పగాడిలాగే నవ్వాడు. పిల్లలు చప్పట్లు కొట్టి, జామకాయలు పంచుకుని, ఎవరిళ్లకి వాళ్లు వెళ్లిపోయారు. నేను గేటు మీద కూర్చుని నా వాటా జామకాయ తిన్నాను. జీవితంలో అంత తృప్తిగా ఏదీ తినలేదు.

సంవత్సరం పరీక్షలకి ముందు ఒక మధ్యాహ్నం చందు ఇంటికి రాలేదు. సాయంత్రం దుర్గ్ స్టేషన్ నుంచి ఒక రైల్వే మనిషి వాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ప్లాట్‌ఫాం అంతా దాటి, దిగువన, పట్టాల పక్కన కూర్చుని ఉన్నాడట. టిక్కెట్టు లేదు, సంచీ లేదు. ఆయన నాన్నని గేటు బయటికి పిలిచి ఏదో చెప్పాడు. నాన్న లోపలికి వచ్చి నేలమీద కూలబడ్డాడు. అమ్మ వాడి రెండు భుజాలూ పట్టుకుని "ఏటి సేద్దామనుకున్నావురా నాయనా" అని అడిగింది. వాడు "ఏటీ నేదమ్మా" అన్నాడు. మర్నాటికి వరసంతా ఒక కథ తయారైంది, కుర్రాడు నాయనమ్మ మీద బెంగతో విజయనగరం బండెక్కబోయాడని. అమ్మ కూడా ఆ కథనే పట్టుకుంది. బండి ఎక్కేవాళ్లు ప్లాట్‌ఫాం మీద కదా నిలబడతారు అని ఎవరూ అనలేదు. నాకు తెలుసు, నేనూ అనలేదు.

తువ్వాలు సంగతి ఆ రోజున ఏడుస్తూ చెప్పేశాను. నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. లేచి వెళ్లి ఆ తువ్వాలుని చింపి బూజుగుడ్డ చేశాడు. మళ్లీ మా గేటుకి ఏదీ కట్టలేదు. ఆ తరవాత వచ్చిన నైటు షిఫ్టు వారంలో తెల్లారి ఇంటికి వచ్చి, పడుకోబోతూ, "సౌండెట్టరా సందూ. సౌండు నేకపోతే నాకు నిద్దరట్టదు" అన్నాడు. అబద్ధం. ఆయన లోపల కళ్లు తెరుచుకుని పడుకునేవాడు. హాల్లో టీవీ గట్టిగా మోగేది. కాసేపటికి చందు రిమోట్ తీసుకుని సౌండు తీసేసేవాడు. లోపల మంచం కిర్రుమనేది. మేం ముగ్గురం, ఒకరికొకరం వినబడుతూ, అలా ఉండేవాళ్లం.

ఆ తరవాతి ఏళ్లన్నీ ఒకే రంగులో గుర్తున్నాయి. అమ్మ మొక్కని దేవుడు లేడు. దీదీ చెప్పిందని ఒక బైగా మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్లి వేపమండలతో మంత్రం వేయించారు. వాడు పదో తరగతి రెండుసార్లు తప్పాడు. దుర్గ్‌లో ఒక డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వాడికి ఇరవై రెండేళ్లు. ఆయన ఒక గంటసేపు మాట్లాడి, దీనికి పేరుంది, మందుంది, చిన్నప్పుడే రావాల్సింది అన్నాడు. నాన్న బయటికి వచ్చి మెట్లమీద ఆ చివరి మాటే మళ్లీ మళ్లీ అనుకున్నాడు. రిటైరైన మూడేళ్లకి పోయాడు, అమ్మ ఆ మరుసటేడు. అప్పటినుంచి అన్నయ్య మాతోనే ఉంటున్నాడు. మంచి నెలల్లో ఒక స్టేషనరీ కొట్టులో కూర్చుంటాడు. చెడ్డ నెలల్లో మంచం దిగడు. మందులు నేనే చేతిలో పెడతాను.

సెక్టర్ 2లో మా క్వార్టర్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. మొన్నామధ్య అటు వెళ్లినప్పుడు చూశాను, ఏ గేటుకీ తువ్వాలు లేదు. పిట్టూ రాళ్లు లేవు, సిగ్రీలు లేవు, గోడమీంచి గిన్నెలు ఇచ్చుకునేవాళ్లు కనబడలేదు. కార్టూన్లు మాత్రం ఉన్నాయి, కాస్త తెలివి మీరాయి కూడా. ఇప్పుడు అందులో పిల్లలకి దిగులు ఊరికే కూడా వస్తుంది, చక్కిలిగిలికి పోదు. అంతవరకూ సంతోషమే. అయినా ఇరవై నిమిషాల్లో ఎవరో ఒకరు వచ్చి ఒక మంచిమాట చెప్పగానే కళ్లనీళ్లు జారి, తేలికపడి, కావలించుకుంటారు. ఏ బొమ్మలోనూ ఒక మందుబిళ్ల ఉండదు. ఏ బొమ్మలోనూ ఆ పిల్లాడికి నలభైమూడేళ్లు రావు.

మొన్న కూలర్ వేసిన రోజున వాళ్లిద్దరూ చూస్తున్నది అలాంటి బొమ్మే. అందులో ఒక అమ్మాయి కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది, ఏడవదు, ఏమీ అనదు. పింకీకి అది నచ్చలేదు. "మామూ, యే రో భీ నహీఁ రహీ. ఫిర్ కైసే పతా చలేగా కి శాడ్ హై?" అంది, ఏడవడం కూడా లేదు కదా, దిగులని ఎలా తెలుస్తుందని. అన్నయ్య "తెలీదమ్మా" అన్నాడు. "ఏడుపొస్తే బాగుణ్ణు. రాదు." పింకీ తల ఊపి అన్నం తినడానికి లేచి వెళ్లింది.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. దగ్గర దగ్గర ముప్ఫై ఏళ్లుగా గొంతులో ఉన్న ప్రశ్న ఆ క్షణాన బయటికి వచ్చింది. వాడి పక్కన కూర్చుని, జామకాయల రోజున ఎందుకు నవ్వావు అని అడిగాను. మర్చిపోయి ఉంటాడనుకున్నాను. మర్చిపోలేదు.

"మీరంతా నవ్వు కోసమే నిల్చున్నారు కదే. నేను నవ్వితే గానీ కదలరు. ఎల్లిపోతే పడుకుందామని నవ్వీసాను."

కోపంగా అనలేదు, నిన్న వాన పడింది అన్నట్టు చెప్పాడు. చెప్పి నా మొహంలోకి చూశాడు. నా మొహం ఎలా అయిపోయిందో నాకు తెలియదు. వాడు నా చేతిమీద తట్టి, "ఒగ్గీయే, పాత సంగతులు" అని, నోరంతా తెరిచి నవ్వాడు.

లోపల్నుంచి పింకీ, పొయ్యిమీద పప్పు అడుగంటుతోందని అరిచింది. కట్టేయమని అక్కణ్నుంచే గట్టిగా చెప్పాను. నేను లేవలేదు. వాడు నవ్వడం ఆపేదాకా, ఆపిన తరవాత కూడా, అక్కడే కూర్చున్నాను.